ఓడ రీలు ఏ ఊరిది?

జూన్ 3, మంగళవారం

మా కళ్ళద్దాల షాపులోకి ఒకాయన వచ్చి తిన్నగా పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం ఆన్చమంటే ఆన్చాడు, నుదురు తగిలించమంటే తగిలించాడు. ఎడమ కంట్లోకి లైటు వేసి చూస్తుండగా, "మేడం, నేను సినిమా రీళ్ళ కోసం వచ్చాను" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా అంటే, మీరు చెప్పనివ్వలేదన్నాడు. నిజమే. గడప తొక్కిన వాళ్ళందరినీ కుర్చీలో కూలెయ్యడం నాకు అలవాటైపోయింది. చూపు మాత్రం బాగానే ఉంది.

పాత యాత్రా చిత్రాలు పోగు చేస్తాడట. ఒకప్పుడు బడుల్లో సినిమాలు వేసిన మా పెదనాన్న పేరు ఎక్కడో పట్టుకుని, అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. "మా బడికి వచ్చి సినిమా వేశారండీ. మూగ సినిమా. తెర వెనకాల నుంచి ఒకావిడ మైకులో చెబుతూ ఉండేవారు" అన్నాడు. ఆ ఒకావిడ ఈ షాపు పైన మేడలో కూర్చుని రేడియో వింటోందని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. ఆయనకి కావలసింది ఒక్కటే రీలు. అందులో ఓడ ఒకటి రేవుకి వస్తుంది, తర్వాత ట్రాము, తర్వాత సంత, ఆఖరికి మంచుకొండ.

సాయంత్రం పైకి వెళ్ళి పెద్దమ్మకి చెప్పాను. అమ్ముదామా అన్నాను.

"అమ్మెయ్" అంది.

అంతే. ఇంకో మాట లేదు. ఏడాదిన్నర కిందట, పెదనాన్న పోయిన కొత్తలో, ఆయన చొక్కా ఒకటి పాత బట్టల్లో వేసేశానని వారం రోజులు నాతో మాట్లాడని మనిషి.

జూన్ 4

అటక ఎక్కాను. పెద్దమ్మ కింద కూర్చుని అజమాయిషీ. డబ్బాల మీద కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. "సొట్ట డబ్బా, సొట్ట డబ్బా" అంటుంది. అన్నీ సొట్టవే. ఒక్కొక్కటే కిందకి అందిస్తే, మూత తడిమి చూసి తనే ఏరింది.

"మూత తీసి వాసన చూడవే. పుల్లగా ఉంటే ఫిల్ము చచ్చినట్టే."

పుల్లగా లేదు. పాత బీరువా వాసన వేసింది. మిగతా డబ్బాల్లో ఏమున్నాయంటే, "ఈగలు, దోమలు, పళ్ళు తోముకోవడం" అంది.

"మరి ఇది ఏ ఊరిది పెద్దమ్మా?"

"పోర్చుగల్" అంది తడుముకోకుండా.

జూన్ 6

టోపీ ఆయన ఫోను చేశాడు. ఆ పేరు పెద్దమ్మ పెట్టింది, కిటికీలోంచి చూసిందట. రీలు దొరికిందంటే పొంగిపోయాడు. ఏ దేశమో ఏమైనా రాసి ఉందా అని అడిగాడు. రాసి లేదు, కనుక్కుంటానన్నాను.

మొన్న నేను సరిగ్గా విన్నానో లేదోనని పెద్దమ్మని మళ్ళీ అడిగాను.

"చిలీ" అంది. అని, నా కంచంలో ఇంకాస్త అన్నం వేసింది.

జూన్ 7

చిలీ. పోర్చుగల్. రెండింటికీ మధ్య ఒక సముద్రం మొత్తం ఉంది. షాపులో అట్లాసు తెరిచి కూర్చుని ఒకాయన ఎడమ అద్దం కుడివైపు బిగించాను.

జూన్ 8, ఆదివారం

షాపుకి సెలవు. బల్ల మీద పాలరంగు అద్దం పెట్టి, కింద లైటు వేసి, రీలు కొద్దికొద్దిగా విప్పుతూ భూతద్దంతో చూశాను. పొద్దున్న కూర్చున్నదాన్ని, కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది. గోరంత బొమ్మలో ఎంత ప్రపంచం! ట్రాము ముందు ఏడు అంకె. ట్రాము దిగుతున్న లావుపాటాయనకి గుండ్రటి కళ్ళజోడు, ఒక చెవి పుల్ల వదులైనట్టుంది, ఎడమవైపు జారింది. పిలిచి బిగించాలనిపించింది. సంతలో ఆడవాళ్ళ తలలకి గుడ్డలు. బోర్డులన్నీ మసక, ఒక్క అక్షరం తెలియదు. ఇది ఏ దేశమైనా కావచ్చు.

రెండు సంగతులు మాత్రం అంతుబట్టలేదు. ఒకటి, మంచుకొండ ముక్కకి అటూ ఇటూ అతుకులున్నాయి, మిగతా ఫిల్ములో అతుకన్నది లేదు. రెండు, రీలు మొదట్లో పేరూ ఊరూ ఏమీ లేవు. బ్లేడుతో కోసినట్టు తిన్నగా మొదలవుతుంది. మొదటి బొమ్మలోనే ఓడ రేవులో ఆగి ఉంది, మెట్లు దింపేశారు.

పెద్దమ్మని ఇవాళ కూడా అడుగుదామనుకున్నాను. రీలు కోసమే. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

జూన్ 10

టోపీ ఆయన వచ్చి భూతద్దంలో చూశాడు. మొహం వాడిపోయింది.

"ఓడ ఏదండీ?" అన్నాడు.

"ఇదిగో, ఇదే కదా."

"ఇది ఆగిపోయిన ఓడండీ. అప్పుడు దూరం నుంచి వచ్చింది. మొదట చుక్కంత ఉంది. ఓడ అనుకోలేదు, తెర మీద ఈగ వాలిందనుకున్నాం. అది పెద్దదై, పెద్దదై... ఇది ఆ రీలు కాదేమో మేడం."

తర్వాత అసలు కథ చెప్పాడు. ఆరో తరగతిలో ఉండగా చూశాడట. తెర వెనక గొంతు "ఇది పోర్చుగల్" అందట. అప్పటినుంచీ ఆ ఓడ దిగాలని కోరిక. ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టి, పోర్చుగల్ వెళ్ళి మూడు వారాలు వీధి వీధి తిరిగాడు, ఆ ట్రాము మలుపు కోసం. దొరకలేదు. సినిమా దొరికితే బొమ్మ చేతిలో పట్టుకుని మళ్ళీ వెళ్దామని ఇప్పుడు రీలు కోసం తిరుగుతున్నాడు. ఇరవై రెండో తారీఖు ఆదివారం తన మిషను తెచ్చి వేసి చూస్తాడట. అదే అని తేలితే కొంటాడు.

అయితే పోర్చుగలే! పెద్దమ్మ మొదటిసారి చెప్పింది ఒప్పు. చిలీ ఒక్కటే తప్పు. రెండింట్లో ఒకటి ఒప్పంటే సగం మార్కులొచ్చినట్టే కదా.

నేను మార్కులు వెయ్యడం లేదు. ఊరికే రాశాను.

జూన్ 11

"పెద్దమ్మా, ఓడ దూరం నుంచి వచ్చేదట కదా, ఆ ముక్క ఏమైంది?"

"అరిగిపోయింది."

"ఓడ అరిగిపోవడమేంటి?"

"సబ్బు అరగదూ? అలాగే" అంది.

జూన్ 12

మధ్యాహ్నం షాపుకి తాళం వేసి పైకి వెళ్ళాను. పెద్దమ్మ రీలు ఒళ్ళో పెట్టుకుని, ఫిల్ము అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారుస్తోంది, కళ్ళు మూసుకుని. మంచుకొండ అతుకు దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఈజిప్టుకి మంచు వద్దు" అంది తనలో తను.

వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. పాలు పొంగి, మరిగి, ఇగిరిపోయి, గిన్నె అడుగు నల్లగా ఉంది. స్టవ్వు కట్టేసి వచ్చేసరికి పెద్దమ్మ రీలు చుట్టేసి, "ఎప్పుడొచ్చావే?" అంది నవ్వుతూ.

కిందకొచ్చి చెల్లికి ఫోను చేశాను. అన్నీ చెప్పాను. పోర్చుగల్, చిలీ, అరిగిపోయిన ఓడ, ఈజిప్టు, పాలు.

జూన్ 13

పాల సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోవాల్సింది.

జూన్ 15, ఆదివారం

చెల్లి గంటసేపు మాట్లాడింది. కోపం లేదు దాని గొంతులో. అదే భయం వేసింది.

"అక్కా, నువ్వు కింద షాపులో ఉంటావు. పైన స్టవ్వు వెలుగుతూ ఉంటుంది. ఏదైనా అయ్యాక ఏడ్చి ఏం లాభం చెప్పు? పెద్దవాళ్ళని చూసుకునే ఇల్లు ఒకటుంది, నేను చూసొచ్చాను. మంచి నర్సులు. కిటికీలు పెద్దవి. నెలాఖరు దాకా గది ఆపుతామన్నారు."

"ఇంకా ఏమీ తేలలేదు కదే" అన్నాను.

"ఒకే రీలుకి మూడు దేశాలు చెప్పిందని నువ్వే అన్నావు. ఇంకేం తేలాలి?"

అమ్మ పోయాక మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని ఈ మెట్లెక్కించింది పెద్దమ్మ. అప్పటికే ప్రదర్శనలు ఆగిపోయాయి. వీడియోలొచ్చి స్కూళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. ఆ రీళ్ళు తెర మీద ఆడగా మేమెప్పుడూ చూడలేదు. మమ్మల్ని పెంచిన మనిషిని పంపెయ్యడానికి చెల్లికి మాత్రం మనసొప్పుతుందా? అది ఇరవై ఒకటిన వస్తుంది. ఇరవై మూడున డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం.

జూన్ 16

ఇవాళ అడగలేదు.

జూన్ 17

అడిగాను. నార్వే.

జూన్ 18

ఇవాళ అడిగే పద్ధతి మార్చాను. "ఆ రీలు పోర్చుగలే కదూ పెద్దమ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు, చేతిలో అద్దాలు తుడుస్తూ.

పెద్దమ్మ రేడియో కట్టేసింది. నన్ను పైనుంచి కిందదాకా చూసింది.

"ఏమే కళ్ళద్దాలూ, నాకు పరీక్ష పెడుతున్నావా?"

"ఛ, అదేం లేదు. ఆయన అడుగుతున్నాడని..."

"ఆయన్నే రానీ. ఆయనకే చెప్తా."

"నాకు చెప్తే ఏం?"

"తెర వెనక సంగతి తెర ముందు చెప్పనని మీ పెదనాన్నకి మాటిచ్చాను" అని రేడియో మళ్ళీ పెట్టుకుంది, గట్టిగా.

నేను పెట్టింది పరీక్ష కాదు. నిజానికి అవును. రోజూ భోజనాల దగ్గర, ఆవిడ వడ్డిస్తుంటే తింటూ, ఆవిడకే పరీక్ష పెడుతున్నాను. నాకు తెలియాల్సింది రీలు ఏ ఊరిదన్నది కాదు. సిగ్గుగా ఉంది. అయినా తెర వెనక సంగతి ఏమై ఉంటుందా అని మనసు పీకుతోంది.

జూన్ 21

చెల్లి వచ్చింది. పెద్దమ్మ దాన్ని చూసి, "చిక్కిపోయావే" అంది. కిందటిసారీ అదే మాట, అంతకు ముందూ అదే మాట. ఇది మతిమరుపు కిందకి రాదని చెల్లీ నేనూ వంటింట్లో ఒప్పందానికి వచ్చాం.

జూన్ 22, ఆదివారం

వరుసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే నమ్మను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టోపీ ఆయన మిషను మోసుకొచ్చాడు. కిటికీలకి దుప్పట్లు కట్టాం. గది మధ్యలో తాడు కట్టి తెల్ల దుప్పటి వేలాడదీశాం. పెద్దమ్మ తన కుర్చీ ఎత్తి దుప్పటి అవతల వెయ్యమంది.

"అటు నుంచి బొమ్మ తిరగబడి కనిపిస్తుంది కదా పెద్దమ్మా" అంది చెల్లి.

"నేను చూసిందే అటు నుంచి. మీకందరికీ ఎడమ నుంచి వచ్చిన ఓడ నాకు ఎప్పుడూ కుడి నుంచే వచ్చింది. ఇప్పుడు కొత్తగా ముందు కూర్చుంటే నాకేం తెలుస్తుంది?"

అప్పుడే టోపీ ఆయనకి అర్థమైంది, ఆ గొంతు ఎవరిదో. నా వైపు చూశాడు. చూపు తిప్పుకున్నాను. మిషను బొయ్యిమంది. ఓడ, రేవు, మెట్లు దిగే జనం. దుప్పటి వెనక చప్పుడు లేదు.

"అమ్మగారూ, మీరు చెప్పాలి" అన్నాడు ఆయన.

"ఏ తరగతికి?" అంది పెద్దమ్మ.

"అప్పుడు నేను ఆరో తరగతండీ."

"నీ చదువు కాదు నాయనా. ఇప్పుడు ఏ పాఠం నడుస్తోంది? ఏ దేశం కావాలి?"

చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన మిషను ఆపాడు.

"పోర్చుగల్ అండీ" అన్నాడు.

"అలా చెప్పు. నీది పోర్చుగల్ బడన్నమాట" అని, దుప్పటి అవతల నుంచే చెప్పుకొచ్చింది. "మా దగ్గరున్న ప్రయాణం రీలు ఇదొక్కటే. మేం కొనేటప్పటికే దానికి మొదలు లేదు, ఏ ఊరో అమ్మినవాడికీ తెలీదు. హెడ్మాస్టర్లేమో మా పిల్లలకి ఫలానా దేశం పాఠం నడుస్తోంది, ఆ సినిమా ఉందా అనేవాళ్ళు. మా ఆయన నోటికి లేదనే మాట రాదు. ఉంది అని వచ్చేసేవారు. ఇంక రాత్రికి రాత్రి నేను ఆ పాఠం బట్టీపట్టడం, ఆయన ఆ దేశం పేరున్న ముక్క తెచ్చి ముందు అతికించడం. మర్నాడు ఇంకో దేశమైతే అది కోసి ఇది. కోసినప్పుడల్లా ఓడ ముక్క ఒకటో రెండో బొమ్మలు పోయేవి. మొదట్లో ఓడ వచ్చేలోపు నాలుగు మాటలు చెప్పేదాన్ని. తర్వాత రెండయ్యాయి. చివరికి నేను నోరు తెరిచేసరికే ఓడ వచ్చి ఆగి ఉండేది."

అరిగిపోయింది. సబ్బులాగే.

"మంచుకొండో?" అన్నాను. ఆగలేకపోయాను.

"ఈజిప్టుకి మంచెందుకే? ఆ ముక్క తీసేసి, మళ్ళీ నార్వేకి అతికించేవారు."

"అయితే అమ్మగారూ, అసలు ఇది ఏ ఊరండీ?" అన్నాడు ఆయన.

"తెలీదు నాయనా. నిజంగా తెలీదు."

ఆయన ఏమంటాడో అని నాకు కంగారు. మూడు వారాలు ఊరుగాని ఊళ్ళో తిరిగిన మనిషి. టోపీ పైకి తోసుకుని, "నేను పోర్చుగల్ వెళ్ళానండీ, ఈ వీధి కోసం" అన్నాడు.

దుప్పటి వెనక కుర్చీ కిర్రుమంది. "అయ్యో! దొరికిందా?"

"లేదండీ. ట్రాము పట్టాలు తీసేశారేమో అనుకున్నాను. అయితే ఊరు మాత్రం చాలా బాగుందండీ."

"మరింకేం" అంది పెద్దమ్మ.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఫోను రికార్డింగులో పెట్టి, రీలు మొదటికి చుట్టాడు. అన్నీ చెప్పమన్నాడు. ఒకటి తర్వాత ఒకటి, నాలుగు దేశాలు. పెద్దమ్మ ఎక్కడా తడబడలేదు. అదే లావుపాటాయన పోర్చుగల్లో చేపల వ్యాపారి, చిలీలో గని యజమాని, నార్వేలో బడిపంతులు. ఈజిప్టు వచ్చేసరికి, "పిరమిడ్లు ఏవని అడుగుతారు, నాకు తెలుసు. అవి ఊరికి చాలా దూరం పిల్లలూ, ఓడ దిగగానే కనపడవు" అంది. చెల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ మాటకొస్తే నా సంగతీ అంతే.

ఆయన రీలు కొనుక్కున్నాడు. ఇంటికి తీసుకెళ్ళి ఓడ అరిగిపోయిన చోట ముట్టుకోకుండా అలాగే ఉంచుతానన్నాడు.

వంటింట్లో చెల్లి నన్ను కౌగిలించుకుంది. "మన పిచ్చిగానీ అక్కా, ఆవిడకి ఏమీ కాలేదు. మనకంటే నయం."

జవాబులన్నీ ఒప్పే! నాలుగు దేశాలూ ఒప్పే!

జూన్ 23

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. గడియారం బొమ్మ గియ్యమన్నాడు, గీసింది. ముళ్ళు పెట్టడం మరిచిపోయింది. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపాగి అడిగాడు. ఒకటి చెప్పింది.

"అమ్మా, మనం ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాం?" అన్నాడు.

"ఏ తరగతికి?" అంది పెద్దమ్మ.

చెల్లీ నేనూ పకపకా నవ్వేశాం. డాక్టరు నవ్వలేదు, ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చాక మాతో విడిగా, "ఇది మొదలు. నెమ్మదిగానే ఉంటుంది, కానీ మొదలైంది" అన్నాడు. కథ తెలియని మనిషికి ఆ జవాబు ఎలా అర్థమవుతుంది అనుకున్నాం. దారి పొడుగునా అదే అనుకున్నాం.

జూన్ 24

షాపుకి పాత ఖాతాదారు ఒకాయన వచ్చాడు. ఎనభై దాటాయి. కొడుకు బలవంతం మీద వచ్చాడు, కొత్త అద్దాలు అక్కర్లేదని పంతం. నేను లైటు వెయ్యకముందే ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు పై వరస నుంచి ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. ఒక్క తప్పు లేదు. కొడుకు నోరు తెరిచాడు.

కాకపోతే ఆయన చదివింది పాత బోర్డు. దాన్ని నేను కిందటి నెలలోనే మార్చేశాను.

అద్దాలు రాసిచ్చి, షాపు మూసి, మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎప్పుడో బట్టీపట్టిన నాలుగు దేశాలు విని, ఇవాళ్టి మనిషికి మార్కులేశాను. గడియారానికి ముళ్ళు లేవు. పాలు మాడిన సంగతి ఓడలోకి ఎక్కించి పంపేశాం.

జూన్ 25

చెల్లి బజారుకి వెళ్ళింది. పెద్దమ్మ కిటికీ దగ్గర. వెళ్ళి కింద కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక రీలు మాటే ఎత్తాను.

"రీలు పోయింది. ఇంకా రీలేంటే?" అంది. "ఇన్నాళ్ళూ అది ఏ ఊరిది, ఏ ఊరిది అని చంపావు. నా సంగతి నన్ను ఒక్కరోజైనా అడిగావా?"

"ఏమడగాలి?"

"మర్చిపోతున్నావా పెద్దమ్మా అని. నోరు తిరగని మాటేం కాదుగా."

నోరు తిరగలేదు.

"మర్చిపోతున్నావా పెద్దమ్మా?"

"అవునే" అంది.

ఏడుస్తానని తనకి తెలుసు. ఏడవనిచ్చింది. తల నిమురుతూ తన మానాన తను చెప్పుకుపోయింది. చలికాలంలో ఒకరోజు పాల కోసం వెళ్ళిందట. మందుల షాపు మలుపు తిరిగాక ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఇటు చూస్తే తెలియని వీధి, అటు చూసినా తెలియని వీధి.

"భయం వేసిందా?"

"వేసింది. కాసేపే. ఎవర్నయినా అడుగుదామంటే ఏమని అడగను? ఇది ఏ ఊరండీ అనా? తర్వాత అనుకున్నాను, ఏ ఊరో తెలీకుండా ఎన్ని ఊళ్ళు చెప్పలేదు నేను! నడుస్తూ చెప్పుకోవడం మొదలుపెట్టా. ఇది ఇక్కడి బజారు పిల్లలూ. వీళ్ళు పొద్దున్నే లేస్తారు. అదిగో ఆ అబ్బాయి సైకిలు తుడుచుకుంటున్నాడు. ఇక్కడ ఇళ్ళకి పచ్చ రంగు తలుపులుంటాయి... అంటే, మన తలుపేనే అది. ఇల్లొచ్చేసింది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మొన్న ఆ డాక్టరు ఊరి పేరు అడిగినప్పుడు కూడా రాలేదు. నిజంగానే రాలేదు. నోటికొచ్చింది అనేశా. మీరిద్దరూ నవ్వారు, సరిపోయింది."

దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది నాకు. పక్కనే కూర్చుని నవ్వాను నేను.

"అమ్మెయ్ అన్నది అందుకే" అంది. "ఇంకో ఏడాదికి రీలుంటుంది, నేనూ ఉంటానేమో. ఆ మాటలుంటాయో ఉండవో! ఉన్నప్పుడే కావాల్సినవాడి చేతిలో పెట్టాలనుకున్నా. మీ పెదనాన్నకి మాటిచ్చాను, నిజమే. ఆయనే ఉంటే నేనిలా అవుతుంటే చూసి, చెప్పెయ్యవే అనేవారు."

చెల్లి వచ్చేసరికి ఇద్దరం అలాగే ఉన్నాం. సంచీ కింద పెట్టి అదీ వచ్చి కూర్చుంది. పెద్దమ్మ దానితో, "నీ పెద్ద కిటికీల ఇంటికి నేను వెళ్ళనని కాదు. వంటింట్లో నిలబడి మీ ఇద్దర్లో ఎవరెవరో తేల్చుకోలేని రోజు వస్తుంది చూడు, ఆ రోజు పంపండి. స్టవ్వు మాత్రం ఇవాళే తీసెయ్యండి. నాకూ భయంగానే ఉంది" అంది.

చెల్లి లేచి వెళ్ళి స్టవ్వు గొట్టం ఊడదీసింది.

జూన్ 26

చెల్లి ఫోను చేసి గది వద్దని చెప్పింది. ఇప్పుడే వద్దని.

పెద్దమ్మ నిద్ర లేచేలోపు షాపు వెనక పెట్టిన స్టవ్వు మీద వంట నేనే చేసి పైకి తేవాలి. మధ్యాహ్నం షాపు మూసి పైకి రావాలి. అటక కింద గదిలో తోడు పడుకునే మనిషికి మంచం పడుతుంది. ఈగల రీళ్ళు, దోమల రీళ్ళు ఎవరైనా కొంటారా?

జూన్ 28

చెల్లి వెళ్ళిపోయింది. "నువ్వే చిక్కిపోయావు అక్కా" అంది వెళ్తూ వెళ్తూ.

జూన్ 30

పాలకి ఇద్దరం కలిసి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు బాగానే నడిచింది. ఆవిడే ముందు, నేను వెనక. వచ్చేటప్పుడు మందుల షాపు మలుపులో ఆగిపోయింది. నా మోచెయ్యి పట్టుకుంది, వేళ్ళు బిగుసుకున్నాయి. మొహంలో ఏమీ లేదు, ఖాళీగా ఉంది.

గుర్తుందా పెద్దమ్మా, ఇది ఏ వీధి, అని అడగబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఇది ఇక్కడి బజారు పిల్లలూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇక్కడి జనం పొద్దున్నే లేస్తారు. కుడివైపు కనిపించేది ఇస్త్రీ కొట్టు. ఆయన ఎవరితోనూ మాట్లాడడు, చొక్కాలతో మాత్రం మాట్లాడతాడు. ఇంకొంచెం ముందుకెళ్తే కళ్ళద్దాల షాపు వస్తుంది. దాని పైన మేడలో..."

దారిన పోయేవాళ్ళు చూస్తున్నారు. గొంతు దానంతటదే తగ్గిపోయింది. పెద్దమ్మ అడుగు ముందుకు వేసింది. మోచెయ్యి వదల్లేదు.

"గట్టిగా చెప్పవే" అంది. "వెనక బెంచీ వాళ్ళకి వినపడట్లా."